వెంటపడువారి గౌరవార్థం ఒక తీర్మానం

దివిసీమలో ఆడపిల్లల వెంటపడే పోకిరీలు ఒక్కరు కూడా లేరని ఇందుమూలంగా ప్రజలందరికీ తెలియజేయడమైనది. ఉన్నది ఒకే ఒక్క సూటరు. పేరు అనుదీప్. ఈ సంగతి ఉప్పుమెరక మత్స్యకార సంఘం హాల్లో, రెండు ఫ్యాన్ల కింద, పెద్దమనుషుల సమక్షంలో తేలింది. తేల్చిన కాగితం మీద గుండ్రటి ముద్ర కూడా ఉంది. ముద్ర ఉన్నాక అనుమానపడేవాడు దేశద్రోహి కాకపోయినా, కనీసం ఊరి ద్రోహి.

ఆ తేలిన మాట ముందుగా ఎవరికి అర్థం కాలేదంటే చేపలమ్ముకునే సుగుణకి. ఆమెకి చదువు లేదు. చదువు లేనివాళ్ళకి ఎదురుగా జరిగేది జరిగినట్టే కనపడుతుంది, అదొక జబ్బు. తెల్లారకముందే ఒడ్డుకి వెళ్ళి, పడవల దగ్గర సరుకు పాడుకుని, గంప నెత్తినెత్తుకుని అవనిగడ్డ వీధుల్లో తిరిగే మనిషి. మొగుడు అంకమ్మరావు వేటకెళ్తే నాలుగైదు రోజులకి గాని ఒడ్డెక్కడు. ఉన్న ఒక్క కూతురు అక్షిత బందరులో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఉప్పుమెరకలో డిగ్రీ ఆఖరి సంవత్సరం దాకా వెళ్ళిన మొదటి ఆడపిల్ల. ఆ కాగితం మీద ముద్ర పడేనాటికి ఆఖరి పరీక్షలు పన్నెండు రోజుల్లో ఉన్నాయి. సుగుణకి ఈ లోకంలో కావలసింది ఆ పరీక్షలు ఆ పిల్ల రాయడం, అంతే. ఇంత చిన్న కోరిక అని తేలిగ్గా తీసుకోకండి. దాన్ని అడ్డుకోవడానికి ఎంతమంది విద్వాంసులు పనిచేయవలసి వచ్చిందో చూడండి.

అనుదీప్ గురించి నాలుగు మంచిమాటలు చెప్పుకోవాలి. క్రమశిక్షణ గల కుర్రాడు. అవనిగడ్డలో ఏడూ నలభై బస్సు కదలగానే వెనక అతని బండి కదిలేది. మోపిదేవి, చల్లపల్లి, బందరు. అక్షిత కాలేజీలోకి వెళ్తే ఎదురుగా టీ కొట్టులో కూర్చునేవాడు. ఆమె బయటికొస్తే లేచేవాడు. ఏడు నెలల్లో ఒక్క రోజు సెలవు పెట్టలేదు. వాన పడ్డ రోజు బండి వదిలి బస్సే ఎక్కి ఆమె సీటు వెనక నిలబడేవాడు. ఇంత హాజరు ఆ కాలేజీలో లెక్చరర్లకి కూడా లేదు.

కుర్రాడి తండ్రి శోభనాద్రి గారికి నందివాడలో చేపల చెరువులు, అవనిగడ్డలో ఐసు ఫ్యాక్టరీ ఉన్నాయి. ఉప్పుమెరక పడవలన్నిటికీ ఐసు అక్కణ్ణుంచే రావాలి. ఐసు లేకపోతే వంజరమైనా సాయంత్రానికి ఎరువే. కనక ఉప్పుమెరక జనం శోభనాద్రి గారిని దేవుడితో సమానంగా చూస్తారు. దేవుడి కొడుకు ఏ బస్సు వెనక వెళ్తే మాత్రం మనకేం?

అయినా మూర్ఖత్వం కొద్దీ సుగుణ కూతుర్ని తీసుకుని స్టేషనుకి వెళ్ళింది. అక్కడ రాత పని చూసే హెడ్డు కానిస్టేబులు ఏట్టయ్య చాలా నిదానంగా విచారించాడు.

"ముట్టుకున్నాడా?"

"లేదండి."

"తిట్టాడా?"

"లేదండి. ఎనకాలే వస్తాడండి. రోజూనండి."

"రోడ్డు గవర్నమెంటుది, బస్సు గవర్నమెంటుది. ఎనకాల రావడాన్ని ఏమని రాయమంటావ్? ఏ మాట కింద రాయాలి?"

అక్షిత తను రాసుకొచ్చిన ఫిర్యాదు కాగితం బల్ల మీద పెట్టి, ఫోను తీసి చూపించింది. "సార్, దీనికి సెక్షన్ ఉంది. ఇదిగోండి."

"ఫోన్లో బోలెడుంటాయమ్మా. మొన్న ఫోన్లో చూసే మా బావమరిది వెల్లుల్లి తిని ఆసుపత్రి పాలయ్యాడు. పెద్దలతో మాట్లాడుకుని, సరైన మాటేదో తేల్చుకుని రండి. మాట తప్పు పడితే కేసు నిలబడదు."

ఆ తర్వాతి వారమే అక్షిత పుట్టినరోజు. చల్లపల్లి సెంటర్లో పన్నెండడుగుల ఫ్లెక్సీ లేచింది. అక్షిత బస్సు కిటికీ పక్కన కూర్చుని పుస్తకం చదువుకుంటున్న ఫొటో. ఎప్పుడు తీశాడో ఆ పిల్లకే తెలియదు. ఫొటో చుట్టూ గులాబీలు, పైన కిరీటం, కింద నమస్కారం పెడుతున్న అనుదీప్. ఆ రోజు బస్సు చల్లపల్లి దాటేదాకా అక్షిత సీటు కిందికి వంగి కూర్చుంది. ఇంటికొచ్చి, "అమ్మా, నేనింక వెళ్ళను" అంది. ఏడవలేదు. పుస్తకాలు సంచిలో సర్ది, సంచి పైన అటకమీద పెట్టింది. సుగుణకి గంప ఎత్తిన నడుము ఎన్నడూ నొప్పి పుట్టలేదు గాని ఆ సంచి పైకి వెళ్తుంటే పుట్టింది.

ఫ్లెక్సీ చూసిన ఊరి పెద్దలు కూడా కలత చెందారు. "ఆ పిల్లెందుకంత బాగా పడింది ఫొటోలో?" అన్నది వారి ప్రధానమైన అభ్యంతరం. సంఘం పెద్ద వెంకటపతి హుటాహుటిన సభ పెట్టించాడు. స్టేషనులో మాట కావాలన్నారు గనక మాట తేల్చడానికి గుడివాడ నుంచి విశ్రాంత ఇంగ్లీషు లెక్చరరు పిచ్చేశ్వరరావు గారిని పిలిపించారు. ఆయన శోభనాద్రి గారి కారులోనే వచ్చి, శోభనాద్రి గారి పక్కనే కూర్చోవడం వల్ల నిష్పక్షపాతానికి లోటు రాలేదు.

పిచ్చేశ్వరరావు గారు సామాన్యులు కారు. ఇంగ్లీషు మాటల పుట్టుపూర్వోత్తరాల నిఘంటువు రాస్తున్నారు. నలభై ఏళ్ళలో ఎస్ దాకా వచ్చారు. శాలువా భుజమ్మీద పడగానే మైకు సర్దుకున్నారు.

"సభాసదులారా! ఒక యువకుడు ఒక యువతిని అనుసరించినాడు. దీనిని పామరులు వెంటపడుట అందురు. ఆంగ్లమున దీనికి ఉదాత్తమైన పదము గలదు. సూటర్! దీని మూలము లాటిను భాషలో 'అనుసరించుట' అను ధాతువు. అనగా ఈ పదము పుట్టుకయే వెంటపడుటలో ఉన్నది! తొలుత ప్రభువుల కొలువునకు విధిగా హాజరగువానిని ఇట్లనిరి. పిదప న్యాయస్థానమున వ్యాజ్యము వేయువానిని. అది మనకు అప్రస్తుతము. కడపట, కన్యను కోరి అనుసరించు సంస్కారవంతుని. ఏడు శతాబ్దముల చరిత్ర గల పదము! మన అనుదీపుడు ఏడు మాసములకే ఇంతటి పదమునకు అర్హుడైనాడన్న, ఇది దివిసీమకే గర్వకారణము!"

చప్పట్లు. శోభనాద్రి గారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. ఏడు శతాబ్దాలంటే తమ చెరువుల కంటే పాతది.

వెనక నుంచి అక్షిత లేచింది. "సార్, స్టాకర్ అని ఇంకో మాట ఉంది కదండీ. అది కూడా ఎస్ లోనే వస్తుంది."

"వచ్చునమ్మా, రాకపోవుట యేమి. రాసితిని కూడా. ఆ పేజీ బుడమేరు వరదలో తడిసిపోయినది."

"పోనీ విక్టిమ్ అంటే ఏంటండీ?"

"వి అక్షరమునకు నేనింకను రాలేదు తల్లీ. రాని అక్షరము గూర్చి మాటలాడుట పాండిత్యము కాదు."

ఈ వినయానికి కూడా చప్పట్లు పడ్డాయి. వెంటనే తీర్మానం చదివారు. అనుదీప్ కుమారి అక్షితకు సూటరు అని, అనుసరించుట మూలార్థం రీత్యా గౌరవప్రదమని, ఒకరి వెంట ఒకరు గౌరవంగా నడవడాన్ని ఎవరూ ఆటంకపరచరాదని, అయితే సదరు కుమారి చదువు వల్ల సదరు సూటరుకు రోజూ డెబ్బై ఎనభై కిలోమీటర్ల శ్రమ, ఎండదెబ్బ, పెట్రోలు వ్యయం కలిగినందున ఆమె ఇకమీదట కూడా ఇంటిపట్టున ఉండి సహకరించాలని.

సుగుణ అంతా విన్నది. లాటిను సంగతి తెలియలేదు గాని కూతురి పరీక్షలు పోయాయని తెలిసింది. లేచి చేతులు జోడించింది.

"అయ్యా, ఒక్క సందేహమండి. ఎనకాల నడవడం గౌరవమంటున్నారు గదా. అది మగోళ్ళకేనాండి? ఆడోళ్ళు నడిస్తే?"

పిచ్చేశ్వరరావు గారికి పామరుల ప్రశ్నలంటే ముచ్చట. "ధాతువునకు లింగభేదము లేదమ్మా. ఎవరు ఎవరిని అనుసరించినను అనుసరణమే!"

"అయితే అది గూడా రాయండయ్యా. ఆడోళ్ళని వదిలేశారని రేపు ఎవరన్నా మిమ్మల్ని అంటే మాకు బాధగా ఉంటది."

వెంకటపతి పొంగిపోయాడు. "మా ఆడోళ్ళకి ఎంత జ్ఞానం వచ్చిందో చూడండి సార్!" అన్నాడు. 'స్త్రీపురుష భేదం లేకుండా' అన్న మాటలు చేర్చడంతో తీర్మానానికి అభ్యుదయ శోభ వచ్చింది. మహిళా సాధికారత మీద శోభనాద్రి గారు రెండు ముక్కలు మాట్లాడారు. ముద్ర పడింది. పిచ్చేశ్వరరావు గారి సంతకం, దాని పక్కన సుగుణ వేలిముద్ర కూడా పడ్డాయి. ఒక నకలు అడిగి తీసుకుని, మర్నాడు అవనిగడ్డలో ప్లాస్టిక్ కాగితం తొడిగించుకుంది. చేపల చేతులు కదా, తడిసిపోకుండా.

ఇక్కడ ఉప్పుమెరక వంతుల సంగతి చెప్పాలి. ఏరు సముద్రంలో కలిసే మొగలో వల వేసే చోట్లు తక్కువ, పడవలు ఎక్కువ. ఎవరు ఎక్కడ వేయాలన్నది తాతల నాటి నుంచి కుండలో చీట్లు వేసి తీస్తారు. వచ్చిన వంతు కాదనేవాడు ఆ ఊళ్ళో పుట్టలేదు. కొట్లాటలైనా, ఎలక్షన్లైనా, కుండ మాటే మాట. మగాళ్ళు వేటకి పోయిన రోజు ఆడవాళ్ళు ఆ కుండ దించి, చీట్ల మీద వలచోట్ల గుర్తులకి బదులు తమ పేర్లు వేయించుకున్నారు. రాసింది అక్షిత. మొదటి చీటీ ఎవరికి వచ్చిందంటే సంఘం పెద్ద వెంకటపతి పెళ్ళాం రత్నకుమారికి.

"ఇదేం పనే?" అన్నాడు వెంకటపతి.

"వంతు," అంది రత్నకుమారి, గంప ఎత్తుకుంటూ.

మర్నాడు పొద్దున్నే అనుదీప్ గేటు తీసేసరికి బయట నలుగురు ఆడవాళ్ళు గంపలతో నిలబడి ఉన్నారు. అతను నడిచాడు. వాళ్ళు నడిచారు. అతను ఆగాడు. వాళ్ళూ ఆగారు. టిఫిను కొట్లో ఇడ్లీ తింటుంటే వెనక బల్ల మీద కూర్చుని అతని మెడ వంకే చూశారు. గడ్డం గీయించుకోవడానికి కూర్చుంటే అద్దంలో అతని మొహం చుట్టూ నాలుగు మొహాలు. ముట్టుకోలేదు. తిట్టలేదు. కేక కూడా వేయలేదు.

"పిన్నీ, ఎందుకు నా ఎనకాల వస్తున్నారు?" అనడిగాడు అనుదీప్, గడ్డం మీది నురగ తుడుచుకుంటూ.

"గౌరవం బాబూ," అంది రత్నకుమారి. మధ్యాహ్నానికి ఆ నలుగురూ పోయి ఇంకో నలుగురు వచ్చారు.

బండెక్కి బందరు వైపు పారిపోదామనుకున్నాడు. వాళ్ళు బస్సెక్కారు. ఆడవాళ్ళకి బస్సు ఉచితమని ప్రభుత్వం వారు చేసిన ఏర్పాటు ఇంత చక్కగా ఇంకెక్కడా వినియోగం కాలేదు. మగ సూటరుకి పెట్రోలు కావాలి, ఆడ సూటరుకి ఆధార్ కార్డు చాలు. బందరులో టీ కొట్టు దగ్గర దిగేసరికి అక్కడ ఇంకో వంతు వాళ్ళు ముందే టీ తాగుతున్నారు.

నాలుగో రోజున చల్లపల్లి సెంటర్లో పన్నెండడుగుల ఫ్లెక్సీ లేచింది. అనుదీప్ బనీను మీద పెరట్లో పళ్ళు తోముకుంటున్న ఫొటో. నోటి నిండా నురగ. చుట్టూ గులాబీలు, పైన కిరీటం, కింద నమస్కారం పెడుతూ పద్దెనిమిది మంది చేపలామెలు. వెనకటి ఫ్లెక్సీ చూసి "కుర్రతనం" అని నవ్వుకున్నవాళ్ళు ఈసారి నవ్వలేదు. ఒకరి ఇంటి ఫొటో అడక్కుండా తీయడం ఎంత దారుణమో వారికి మొదటిసారి తట్టింది. చల్లపల్లి పెద్దమనుషులు సాయంత్రం లోపల ఫ్లెక్సీ దింపించారు. అక్షితది పది రోజులు ఉంది, గాలివానకి అదే చిరిగి పడింది.

ఐదో రోజు శోభనాద్రి గారి ఫ్యాక్టరీ నుంచి ఐసు ఆగిపోయింది. వెంకటపతి పెళ్ళాం మీద కేకలేశాడు. "నీ వంతు తగలెయ్య! చేపంతా కుళ్ళిపోద్ది!"

"ఉప్పేసి ఎండబెడదాం. మన మావయ్యగారి కాలంలో ఐసుందా?" అంది రత్నకుమారి.

వారం రోజుల పాటు ఉప్పుమెరక అంతా ఎండుచేప వాసన కొట్టింది. రావలసిన ధర రాలేదు. సుగుణకి రాత్రిళ్ళు గుబులు వేసేది, పిల్ల కోసం ఊరందరి పొట్ట కొట్టానే అని. కానీ ఒక్క ఆడది కూడా చీటీ వెనక్కివ్వలేదు. అటక మీద సంచి మాత్రం కిందికి దిగింది. పరీక్షల మొదటి రోజు ఏడూ నలభై బస్సు వెనక ఏ బండీ లేదు. బండి యజమాని తలుపు గడియ పెట్టుకుని దుప్పటి కప్పుకున్నాడు. అక్షిత కిటికీ పక్కన కూర్చుని, ఏడు నెలల తర్వాత, వెనక్కి చూడకుండా బందరు వెళ్ళింది.

ఆఖరి పరీక్ష రోజు మాత్రం అనుదీప్ బయటికి రాక తప్పలేదు. ఆ రోజు అతనికి గుడివాడలో పెళ్ళిచూపులు. ఆశ్చర్యపోకండి. ఏడు శతాబ్దాల సంస్కారంతో ఒక పిల్ల వెంట నడుస్తూనే, అయినవాళ్ళ పిల్లని ఇంకొకర్ని ఖాయం చేసుకోవడం మన దగ్గర మామూలు మర్యాదే. సంబంధం కుదిర్చింది కూడా పిచ్చేశ్వరరావు గారే. పెళ్ళికూతురి తండ్రి సాయిబాబు ఆయన పాత శిష్యుడు.

కారు ముందు వెళ్ళింది, బస్సు వెనక వెళ్ళింది. ఆ రోజు వంతు సుగుణది. కాఫీ కప్పులు చేతికొచ్చే వేళకి నలుగురు ఆడవాళ్ళూ సాయిబాబు గారి గుమ్మం ముందు గంపలు దించారు.

"ఎవరమ్మా మీరు?" అన్నాడు సాయిబాబు. "చేపలు ఇవాళ వద్దు, శుభకార్యం."

"అమ్మడానికి రాలేదండి. మేం ఈ బాబు గారికి సూటర్లమండి. కాయితం ఉంది." సుగుణ రవికలోంచి తీర్మానం తీసి, తుడిచి, రెండు చేతులతో ఇచ్చింది.

సాయిబాబు గురువు గారి సంతకం గుర్తుపట్టి భక్తిగా చదవసాగాడు. మొదటి వాక్యం దగ్గరే ఆగాడు. "కుమారి అక్షితకు సూటరు అని ఉందేంటండీ? మాస్టారూ, సంతకం మీదేగా? ఇతను ఆ పిల్లని కోరినవాడైతే మా ఇంట్లో కూర్చుని జీడిపప్పు తింటున్నాడేంటి?"

పిచ్చేశ్వరరావు గారు ధాతువు గురించి మొదలుపెట్టబోయారు. లోపల్నుంచి పెళ్ళికూతురు వచ్చి, తండ్రి చేతిలోంచి కాగితం తీసుకుని చదివి, కాఫీ ట్రే ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. అంతటితో పెళ్ళిచూపులు ముగిసినట్టు ప్రకటించడమైనది.

సుగుణ తిరుగు బస్సులో ఉండగా ఫోను మోగింది. "రాసేశానమ్మా. ఆఖరిది కూడా రాసేశాను," అంది అక్షిత. సుగుణ ఏడుపు చూసి, ఎవరో చనిపోయారేమో అనుకున్నారు పక్కన కూర్చున్నవాళ్ళు.

సాయంత్రం నాలుగింటికి స్టేషను నుంచి పిలుపొచ్చింది. శోభనాద్రి గారు ఫిర్యాదు ఇచ్చారు. పది నిమిషాల్లో కేసు రాయడం అయింది. ఏ మాట కింద రాయాలని ఏట్టయ్య ఎవర్నీ అడగలేదు. వేధింపు, వెంబడింపు, భయభ్రాంతులకు గురిచేయడం, వ్యక్తిగత జీవితానికి భంగం. ఒక్కొక్క మాటా కలంలోంచి నీళ్ళలా జారింది. మాటలు తెలుగులోనే ఇన్నున్నాయని సుగుణకి అప్పుడే తెలిసింది. పిచ్చేశ్వరరావు గారు కూడా అక్కడే ఉన్నారు. నలభై ఏళ్ళకి ఎస్ దాకా వచ్చి ఆగిన నిఘంటువు ఆ పూట టి, యు దాటి వి దాకా పరిగెత్తింది. విక్టిమ్ అనగా బాధితుడు. ఉదాహరణ: చిరంజీవి అనుదీప్. బుడమేరులో తడిసిన పేజీ కూడా ఆరిందట, ఆడవాళ్ళకి వర్తించేలా.

"కోర్టుకెళ్ళాలి మీరు," అన్నాడు ఏట్టయ్య.

"ఎళ్తామండి. కోర్టుకి ఎళ్ళేవాళ్ళని గూడా సూటర్లనే అంటారని మాస్టారు చెప్పారుగా. ఈసారి మా పిల్ల అప్పుడిచ్చిన కాయితం గూడా పట్టుకెళ్తాం. అదేదండి?"

"పరిశీలనలో ఉంది."

బల్ల ముందు సాక్షులు వరసగా నిలబడి ఉన్నారు. ఏడూ నలభై బస్సులో రోజూ వెళ్ళేవాళ్ళే, పదకొండు మంది. ఉద్యోగులు, మేస్టార్లు, ఒక మందుల షాపాయన. ఆడవాళ్ళు ఆ కుర్రాణ్ణి ఎలా వెంబడించారో, పాపం ఎలా వణికిపోయాడో కళ్ళకి కట్టినట్టు చెప్పి సంతకాలు పెట్టారు.

సుగుణ వాళ్ళని ఒక్కొక్కళ్ళనీ గుర్తుపట్టింది. చాలామంది ఇళ్ళకి ఆమే చేపలు పోసేది. "అయ్యా, మరి ఏడు నెలలు ఆ అబ్బాయి మా పిల్ల ఎనకాల రావడం మీరు చూళ్ళేదా?"

మందుల షాపాయన నిజాయితీపరుడు. "చూశాం సుగుణమ్మా. ఎందుకు చూళ్ళేదు? రోజూ చూశాం. కాకపోతే దాన్నేమంటారో తెలీక ఊరుకున్నాం."

ఏట్టయ్య కాగితం సర్దాడు. పదకొండో సంతకం కింద ఇంకా కాస్త చోటు మిగిలింది. కలం మూత పెట్టలేదు. ఆ బస్సులో మీరూ కూర్చునేవారని విన్నాం, వచ్చి ఆ సంతకం పెట్టి పోండి.